వేసవి వంటకి ఎంత మంట కావాలి?

వడగాలుల రోజుల్లో మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా బయటికి వెళ్లొద్దని టీవీల్లో, ఫోన్లలో హెచ్చరికలు వస్తూనే ఉంటాయి. ఎండన పడి పనిచేసేవాళ్లకి అవి కావలసినవే. కానీ సరిగ్గా ఆ వేళకే చాలా ఇళ్లలో రెండు పొయ్యిలూ వెలుగుతుంటాయి, వాటి ముందు ఒక మనిషి నిలబడి ఉంటుంది. ఊళ్లో 42 డిగ్రీలున్న రోజున ఆ వంటింట్లో ఎంత ఉందో ఏ వాతావరణ కేంద్రమూ చెప్పదు. జాతీయ విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థ వడగాలుల మీద ఇచ్చే సూచనల్లో, ఎండ మండే గంటల్లో వంట పెట్టుకోవద్దనీ, వంటింటి తలుపులు కిటికీలు తెరిచి ఉంచమనీ ఒక మాట ఉంది. అది చాలామంది చెవిన పడనే లేదు. ఇంటికి సంబంధించినంతవరకు అంతకన్నా ముఖ్యమైన సూచన లేదని నేను నమ్ముతాను.

ఎందుకో లెక్క చూద్దాం. గ్యాస్ స్టవ్ మీద పెద్ద బర్నర్‌ని పూర్తిగా తిప్పితే సుమారు 2 కిలోవాట్ల వేడి పుడుతుంది. ఒక టన్ను ఏసీ పూర్తి సామర్థ్యంతో నడిస్తే గదిలోంచి తోడి బయట పోసే వేడి 3.5 కిలోవాట్లు. అంటే వంటింట్లో ఒక్క పెద్ద బర్నర్ వెలిగించడమంటే, టన్ను ఏసీ చేసే పనిలో సగానికి పైగా చెరిపేయడమే. వేడంతా గిన్నెలోకే పోతోంది కదా అనుకుంటాం. మన దేశ ప్రమాణాల ప్రకారం గ్యాస్ స్టవ్ తన వేడిలో కనీసం 68 శాతాన్ని గిన్నెకి అందించాలి. మిగిలిన మూడో వంతు నేరుగా గదిలోకి వస్తుంది. ఆ 68 శాతమైనా గిన్నెలో శాశ్వతంగా ఉండిపోదు. కొంత ఆవిరై పైకి లేస్తుంది, కొంత అన్నం, పప్పు చల్లారే కొద్దీ నెమ్మదిగా బయటపడుతుంది. చిమ్నీయో ఎగ్జాస్ట్ ఫ్యానో లాగేసినంత తప్ప అంతా చివరికి ఇంట్లోనే తేలుతుంది. అందుకే వేసవిలో మంటకి రెండుసార్లు డబ్బు కడుతున్నాం: ఒకసారి సిలిండర్‌కి, ఇంకోసారి ఆ వేడిని వదిలించుకోవడానికి తిరిగే ఫ్యాన్లకీ, కూలర్లకీ, ఏసీలకీ.

మంట వేడితో పాటు తేమనీ ఇస్తుంది. వంటగ్యాస్‌లో ఉండేవి ప్రొపేన్, బ్యూటేన్. వాటిలోని హైడ్రోజన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి నీరవుతుంది. 14.2 కిలోల సిలిండర్ పూర్తిగా మండేసరికి దాదాపు 43 కిలోల కార్బన్ డయాక్సైడూ, 22 లీటర్లకి పైగా నీరూ ఆవిరి రూపంలో పుడతాయి. గిన్నెల్లోంచి లేచే ఆవిరి దీనికి అదనం.

వేసవి వంటని అర్థం చేసుకోవడానికి ఈ ఆవిరి దగ్గరే కాసేపు ఆగాలి. కిలో నీటిని 30 డిగ్రీల నుంచి మరిగే దాకా తేవడానికి సుమారు 293 కిలోజౌళ్ల వేడి చాలు. అదే కిలో నీటిని 100 డిగ్రీల దగ్గరే పూర్తిగా ఆవిరి చేయాలంటే 2,257 కిలోజౌళ్లు కావాలి. ఏడు రెట్లకి పైగా! నీరు ఆవిరయ్యేటప్పుడు ఇంత వేడిని మింగుతుంది కాబట్టే చెమట ఒంటిని చల్లబరుస్తుంది, మట్టికుండ నీటిని చల్లబరుస్తుంది. మూత లేని గిన్నె గ్యాస్‌ని తినేయడానికి కారణం కూడా అదే.

కుండ సంగతే చూడండి. కుండ గోడల సన్నని రంధ్రాల గుండా నీరు బయటికి చెమర్చి, గాలికి ఆరుతుంది. ఆరే ప్రతి గ్రామూ లోపలి నీటి నుంచి దాదాపు 2.4 కిలోజౌళ్లు పట్టుకుపోతుంది. పది లీటర్ల కుండ మీద 100 గ్రాముల నీరు ఆరితే, బయటి వేడి లోపలికి రాకుండా ఉన్న పక్షంలో, మిగతా నీరు 5 డిగ్రీలకి పైగా చల్లబడాలి. అయితే దీనికో హద్దుంది, ఆ హద్దు గాలిలోని తేమ చేతిలో ఉంది. రామగుండంలోనో రెంటచింతలలోనో 42 డిగ్రీల ఎండలో గాలిలో తేమ 20 శాతం ఉందనుకుందాం. ఆరడం వల్ల నీరు చల్లబడగల అడుగు హద్దు సుమారు 24 డిగ్రీలు. కాకినాడలో 36 డిగ్రీలే ఉండి తేమ 65 శాతం ఉంటే ఆ హద్దు 30 దగ్గరే ఆగిపోతుంది. తక్కువ ఎండ కాసే ఊళ్లోనే కుండనీళ్లు తక్కువ చల్లబడతాయి. కోస్తాలో కూలర్లు అంతగా పనిచేయకపోవడం, ఒళ్లు జిడ్డుగా తోచడం కూడా ఇందువల్లే. చెమట పడుతుంది, ఆరదు. అలాంటి గాలిలోకి పొయ్యి మీంచి ఇంకాస్త ఆవిరి చేరితే, అక్కడ నిలబడినవాళ్ల ఒంటికి ఉన్న ఏకైక చల్లార్పు యంత్రం కుంటుపడుతుంది. వంటింట్లో మూత పెట్టడం పొదుపు చిట్కా మాత్రమే కాదు, వండే మనిషి ఆరోగ్యానికి సంబంధించిన విషయం.

మూత ఉన్న గిన్నెలో లేచిన ఆవిరి మూతకి తగిలి మళ్లీ నీరై, తాను మోసుకెళ్లిన వేడిని అక్కడే వదిలి దిగుతుంది. నీళ్లు ఒకసారి మరిగాక పెద్ద మంట వల్ల ఒరిగేది ఏమీ లేదు. తెర్లుతున్న నీరు ఎంత మంట పెట్టినా 100 డిగ్రీలు దాటదు, ఆవిరి మాత్రం ఎక్కువవుతుంది. సిమ్‌లో పెట్టినా అన్నం అదే సమయానికి ఉడుకుతుంది. మంట గిన్నె అడుగు దాటి పక్కలకి ఎగబాకితే ఆ ఎగబాకినంతా గదికే.

ఇప్పుడు అసలు ప్రశ్న. వంటలో దేనికి నిజంగా మంట కావాలి?

బియ్యంలోని పిండిపదార్థం నీటిని పీల్చుకుని ఉబ్బి మెత్తబడడానికి రకాన్ని బట్టి సుమారు 65 నుంచి 80 డిగ్రీలు చాలు. నానిన బియ్యాన్ని మరిగించి, కొద్ది నిమిషాలు తెర్లనిచ్చి, మూత బిగించి, స్టవ్ ఆపేసి గిన్నెకి మందపాటి తువ్వాలు చుట్టి పెడితే లోపలి వేడే మిగతా పని చేస్తుంది. గడ్డి నింపిన పెట్టెల్లో మరిగిన కుండని కప్పెట్టి వండే పద్ధతి ఐరోపాలో ఇంధనం కరువైన యుద్ధకాలాల్లో బాగా వాడారు. సూత్రం ఇదే. కాకపోతే అలా ఉడికిన అన్నాన్ని వేడి మీదే తినేయాలి, గోరువెచ్చగా గంటలకొద్దీ వదిలేయకూడదు. రాజ్మాకి మాత్రం ఈ పద్ధతి పనికిరాదు. అందులోని లెక్టిన్ అనే విషపదార్థం పోవాలంటే నానబెట్టిన నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో కనీసం పది నిమిషాలు మరిగించి తీరాలి. అరకొర వేడి సరిపోదు.

కందిపప్పుకి కావలసింది వేరు. గింజలోని కణాలను అతికి ఉంచేది పెక్టిన్. అది కరిగితేనే పప్పు మెదుగుతుంది. బోరు నీళ్లలో ఎక్కువగా ఉండే కాల్షియం, మెగ్నీషియం ఆ పెక్టిన్‌ని ఇంకా బిగిస్తాయి, అందుకే కొన్ని ఊళ్లలో పప్పు ఎంతసేపటికీ ఉడకదు. పులుపూ అంతే, పెక్టిన్‌ని కరగనివ్వదు. మామిడికాయ పప్పు చేసేటప్పుడు పప్పు మెత్తబడ్డాకే ముక్కలు వేయమనీ, చింతపండు పులుసు చివర్లో పోయమనీ పెద్దవాళ్లు చెప్పే మాట పూర్తిగా రసాయన శాస్త్రమే. అరగంట నానబెట్టి, వీలైతే మంచినీళ్లతో, పులుపు లేకుండా ఉడికిస్తే పొయ్యి వెలిగే కాలం బాగా తగ్గుతుంది. వంటసోడా చిటికెడు వేస్తే ఇంకా త్వరగా ఉడుకుతుంది కానీ బి1 విటమిన్ పోతుంది. నేనైతే వద్దంటాను.

కుక్కర్‌లో బయటి వాతావరణ పీడనానికి అంతే పీడనం అదనంగా చేరి నీరు 120 డిగ్రీల దగ్గర మరుగుతుంది కాబట్టి పప్పు మూడో వంతు సమయంలో అయిపోతుంది. విజిల్ మాత్రం వంట కాదు, లోపల అవసరానికి మించి వేడి ఉందని చెప్పే గుర్తు. మొదటి విజిల్ రాగానే సిమ్ చేసి నిమిషాలు లెక్కపెట్టుకోవడం మంచిది. స్టవ్ ఆపాక ఆవిరి దానంతట అది దిగే వరకు లోపల ఉడుకుతూనే ఉంటుంది. పప్పు, అన్నం, బంగాళాదుంప ఒకే కుక్కర్‌లో గిన్నె మీద గిన్నె పెట్టే మన ఇళ్ల అలవాటు వేసవికి ఎంత నప్పుతుందో చెప్పనక్కర్లేదు. ఇండక్షన్ పొయ్యి విషయంలో ఒక మాట. దాని వేడిలో దాదాపు 85 శాతం గిన్నెకే చేరుతుంది, మంట లేదు, మంట వల్ల పుట్టే ఆవిరీ నైట్రోజన్ ఆక్సైడ్లూ ఇంట్లో లేవు. మన కరెంటులో ఎక్కువ భాగం ఇంకా బొగ్గు నుంచే వస్తోంది, కనుక భూమికి కలిగే మేలు ఊరించినంత పెద్దది కాదు. వంటింటికి కలిగే మేలు మాత్రం వెంటనే తెలుస్తుంది.

ఇదంతా మంటని తగ్గించే దారి. అసలు మంటే లేని దారి మన వేసవి ప్రారంభంలోనే ఉంది. ఉగాది పచ్చడిలో ఏదీ పొయ్యెక్కదు. శ్రీరామనవమికి పంచేవి వడపప్పు, పానకం, చలిమిడి. నానిన పెసరపప్పు, బెల్లం కరిగిన నీళ్లు, తడి బియ్యప్పిండిలో కలిపిన బెల్లం. తెలంగాణలో పచ్చిపులుసు ఉంది. చింతపండు రసంలో ఉల్లిపాయ, పచ్చిమిర్చి పిసికితే భోజనానికి పులుసు సిద్ధం. దోసకాయ ముక్కల పచ్చడి, మామిడికాయ కొబ్బరి పచ్చడి, పెరుగు పచ్చళ్లు ఉండనే ఉన్నాయి. ఒక్క అన్నం వండుకుంటే వీటిలో రెండింటితో పూట గడుస్తుంది. చాలా ఇళ్లలో వీటిని పక్కవాయిద్యాల్లా చూస్తారు, కూర ఉడకనిదే వంట అయినట్టు కాదు. మే నెలలోనైనా ఆ పట్టింపు వదలాలి. అయితే పచ్చి వంటకి ఒక షరతుంది. మంట చేసే పనుల్లో ఉడికించడం ఒకటైతే, క్రిముల్ని చంపడం రెండోది. ఆ రెండో పని ఇక్కడ ఎవరూ చేయరు. కాబట్టి పానకానికైనా, పచ్చిపులుసుకైనా కాచి చల్లార్చిన నీళ్లో, శుద్ధిచేసిన నీళ్లో వాడాలి. కూరగాయలు శుభ్రంగా కడగాలి. చేసినవి ఆ పూటకే అయిపోవాలి.

క్రిముల్ని మంట లేకుండా ఏడాది పాటు ఎలా అడ్డుకోవాలో తెలిసిన వంటకం ఒకటుంది. ఆవకాయ. దాన్ని రుచి కోసం పొగిడినవాళ్లు చాలామంది ఉన్నారు, నిర్మాణం కోసం పొగడాల్సింది ఇంకా ఉంది. కొత్తపల్లి కొబ్బరి లాంటి పుల్లని, గట్టి కాయ తెచ్చి కడిగి, తడి లేకుండా తుడిచి, టెంకతో సహా ముక్కలు కొడతారు. కాయలో ఉన్న సిట్రిక్, మాలిక్ ఆమ్లాలు మొదటి కోట. ప్రాణాంతకమైన బొట్యులిజం విషాన్ని తయారుచేసే బ్యాక్టీరియా అంత పులుపులో పెరగలేదు. ఉప్పు రెండో కోట. ముక్కలోని నీటిని బయటికి లాగి, ఆ నీటిని తనతో కట్టేసుకుంటుంది. క్రిములకి నీరు కళ్లెదుటే ఉన్నా వాడుకోవడానికి దొరకదు. మూడో రోజు జాడీ తెరిచి తిరగకలిపేటప్పుడు అడుగున కనిపించే ఊట అదే. తిరగకలపడం వల్ల ఉప్పు, పులుపు అన్ని ముక్కలకీ సమానంగా అందుతాయి. ఆ రోజునే ఉప్పు చూసి చాలకపోతే కలిపే అలవాటుకి రుచి కన్నా పెద్ద కారణం ఉంది.

మూడోది ఆవపిండి. ఆవగింజలో సినిగ్రిన్ అనే పదార్థం, మైరోసినేజ్ అనే ఎంజైమ్ వేర్వేరు అరల్లో ఉంటాయి. గింజ నలిగి తడి తగిలితే రెండూ కలిసి అల్లైల్ ఐసోథయోసయనేట్ పుడుతుంది. ముక్కుకెక్కే ఘాటు దానిదే. బూజునీ, బ్యాక్టీరియానీ అణచే శక్తీ దానిదే. వేడి తగిలితే ఆ ఎంజైమ్ చచ్చిపోతుంది. అందుకే ఆవకాయకి ఆవాలు వేయించరు, పచ్చివే కొడతారు. ఇక్కడ మంట పెట్టకపోవడం వల్లే పని జరుగుతోంది! చివర్న పప్పునూనె, అంటే నువ్వుల నూనె, ముక్కల మీద నిలిచి గాలిని అడ్డుకుంటుంది, బూజుకి గాలి లేనిదే బతుకు లేదు. అందులోని సహజ పదార్థాలు నూనెని త్వరగా ముక్కిపోనివ్వవు. జాడీ పింగాణీదే ఎందుకంటే ఉప్పూ పులుపూ కలిసి లోహాన్ని తినేస్తాయి. మూతికి వాసెన కడితే దుమ్ము, పురుగు చేరవు. తడి గరిటె పెట్టొద్దన్న కేకకీ కారణం ఉంది. ఒక్క చుక్క నీరు పడిన చోట ఉప్పు, పులుపు పలచబడి చిన్న ఖాళీ ఏర్పడుతుంది, బూజు అక్కడే దిగుతుంది. ఈ రోజుల్లో ఆహార శాస్త్రం ఒక్క అడ్డంకి బలంగా పెట్టే బదులు నాలుగైదు అడ్డంకులు కలిపి పెట్టమంటుంది. ఆవకాయ జాడీలో అవన్నీ ఒకదాని వెనక ఒకటి నిలబడి ఉన్నాయి. ఉప్పు ఎక్కువ కాబట్టి రక్తపోటు ఉన్నవాళ్లు ఒక్క ముక్కతో ఆగాలి, ఆ జాగ్రత్త తప్పదు.

ఉప్పు నీటిని కట్టేస్తే, ఎండ ఆ నీటిని తరిమేస్తుంది. నడినెత్తి ఎండలో చదరపు మీటరుకి దాదాపు 1,000 వాట్ల శక్తి పడుతుంది. డాబా మీద రెండు చదరపు మీటర్ల పాత పంచె పరిచి వడియాలు పెట్టామంటే, ఆ పంచె మీద ఒక పెద్ద బర్నర్ అంత శక్తి కురుస్తున్నట్టే. అదీ ఇంటి బయట, ఖర్చు లేకుండా. సగ్గుబియ్యం తెల్లవారుజామునే ఉడికించేసుకుంటే మిగతాదంతా ఎండా, వడగాలీ చూసుకుంటాయి. గాలి ఎంత పొడిగా ఉంటే వడియం అంత త్వరగా పెళపెళమంటుంది. నీరు ఒక హద్దు కిందికి దిగాక ఏ క్రిమీ పెరగదు. గుమ్మడి వడియాలు, ఉప్పు మజ్జిగలో ఊరి ఎండిన ఊరమిరపకాయలు, మాగాయ ఏడాదంతా నిలిచేది ఇందుకే. ఎండతో నేరుగా వండే పెట్టె కుక్కర్లు కూడా ఉన్నాయి. అద్దం మూతా, నల్లని అడుగూ ఉన్న పెట్టెలో 100 డిగ్రీలు దాటుతుంది, పప్పూ అన్నమూ ఉడుకుతాయి. అపార్ట్‌మెంట్లలో ఎండ పడే చోటు దొరకదు కాబట్టి అందరికీ కుదరవు. డాబా ఉన్నవాళ్లు ఆలోచించవలసిందే.

చద్దన్నం గురించి ఈ మధ్య ఎన్నో గొప్పలు ప్రచారంలోకి వచ్చాయి. దాని మంచి నిజమే, కానీ మంచి చద్దన్నానికీ పాసిపోయిన అన్నానికీ తేడా తెలియాలి. బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు బియ్యంలో మామూలుగానే ఉంటాయి, అన్నం ఉడికినా చావవు. వేసవి రాత్రి వేడిలో, వండిన గిన్నెలో అలాగే వదిలేసిన అన్నంలో అవి మొలకెత్తి విషాన్ని విడుదల చేయగలవు. ఆ విషాల్లో ఒకటి మళ్లీ వేడి చేసినా పోదు. అన్నాన్ని చల్లార్చి, నీళ్లు పోసి, చెంచాడు పెరుగో మజ్జిగో కలిపితే లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియా ముందే రంగంలో దిగి, పులుపు పుట్టించి మిగతావాటిని వెనక్కి నెడతాయి. గోదావరి, కృష్ణా జిల్లాల్లో తరవాణి కుండలో ఎప్పుడూ పాత పులిసిన నీళ్లు కొంచెం ఉంచి కొత్త గంజి పోయడం కూడా ఇదే పని. మేలు చేసే బ్యాక్టీరియాని వారసత్వంగా అందించడం. పొద్దున్నే తినేయాలి. వాసనో జిగురో తేడాగా తోస్తే పారేయాలి, మొహమాటపడకూడదు. పొద్దుటి పూట పొయ్యి వెలగదు, రాత్రి మిగిలిన అన్నం వృథా కాదు, ఒంటికి నీరూ ఉప్పూ అందుతాయి. తైదంబలీ (రాగి అంబలి) ఇలాంటిదే. రాత్రి చల్లబడ్డాక కాచి పెట్టుకుంటే మర్నాడు మజ్జిగతో తాగొచ్చు.

ఫ్రిజ్ గురించి ఒక్క మాట. ఫ్రిజ్ చల్లదనాన్ని తయారు చేయదు, లోపలి వేడిని బయటికి తోస్తుంది. తోయడానికి వాడిన కరెంటు కూడా వేడిగా మారి దాని వెనక నుంచి వస్తుంది. పొగలు కక్కే పప్పుగిన్నె అందులో పెడితే ఆ వేడి అంతా, పైన ఇంకొంత కలుపుకుని వంటింట్లోకే తిరిగొస్తుంది. అలాగని మధ్యాహ్నమంతా బయట వదలకూడదు. వెడల్పాటి పళ్లెంలో పోసైనా, చల్లని నీళ్ల బేసిన్‌లో గిన్నె దించైనా త్వరగా చల్లార్చి లోపల పెట్టాలి. ఫ్రిజ్‌ని గోడకి ఆనించకుండా, పొయ్యి పక్కన కాకుండా పెట్టుకోవాలి.

వేసవిలో వంటింటి చెత్త కూడా మారిపోతుంది. పుచ్చకాయ తొక్కలు, మామిడి తొక్కలు, తాటిముంజల పొట్టు, అన్నీ నీరోడేవే. చెత్తకుప్పలో అడుగున పడి గాలి ఆడకపోతే వాటి నుంచి మీథేన్ పుడుతుంది. వందేళ్ల లెక్కలో చూస్తే అది బరువుకి బరువు కార్బన్ డయాక్సైడ్ కన్నా దాదాపు 28 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. అవే తొక్కలకి గాలి ఆడితే ఎరువవుతాయి. తడి తొక్కల్లో నైట్రోజన్ ఎక్కువ, రాలిన ఎండాకుల్లో కార్బన్ ఎక్కువ. నైట్రోజన్ ఒక పాలుంటే కార్బన్ 25, 30 పాళ్లు ఉన్నప్పుడు కుళ్లబెట్టే సూక్ష్మజీవులు చురుగ్గా పనిచేస్తాయి. అడుగున చిల్లులున్న డబ్బాలో ఒక పొర తొక్కలు, దాని మీద రెండు మూడు పొరలు ఎండాకులు వేస్తూ పోతే సరిపోతుంది. పుచ్చకాయ తెల్ల భాగం పారేయకుండా కూరో పచ్చడో చేసుకోవచ్చు, పైన గట్టి పచ్చ తొక్క మాత్రం డబ్బాలోకి. మే ఎండలకి డబ్బా ఆరిపోతుంది, బియ్యం కడిగిన నీళ్లు చల్లుతూ ఉండాలి. వాసన వస్తే తడి ఎక్కువైందని అర్థం, ఎండాకులు కలిపి తిరగేయాలి. ఊరగాయ జాడీ అడుగున మిగిలిన ఉప్పు మడ్డి మాత్రం అందులో వేయొద్దు. క్రిముల్ని ఏడాదంతా ఆపిన ఉప్పు, ఎరువు చేసే జీవుల్నీ వానపాముల్నీ అలాగే ఆపేస్తుంది.